నిలవనీరు

ఎర్రదీపం వెలిగింది. దాలమ్మ వాడిన గాజుపలకను తొట్టిలోకి జార్చి, కొత్తదాన్ని తుడిచి వెచ్చపలక మీద పెట్టింది. గోడ అవతల తొలి బరికెదెబ్బ పడింది. మలిదెబ్బ పడేలోగా కిటికీలోంచి తర్వాతి బీజగొట్టం అందుకోవాలి. చలనభవనంలో గడియారం లేదు. వాకిట్లో పడే దెబ్బలే ఆ గదికి లయ.

"ఓలమ్మో! ఇడిసిపెట్టండ్రా బావూ! సచ్చిపోతాను!"

గాజుబట్టీలో ఊదుగొట్టం పట్టే పోలయ్య గొంతు అది. వీధిలో పిల్లలు అరుదు కాబట్టి, కనబడిన ప్రతి పిల్లనీ భుజానెక్కించుకుని తిప్పే మనిషి. అతని పెళ్ళాం తమ్ముళ్ళిద్దరూ చెరోవైపు నిలబడి కొడుతున్నారు. చుట్టూ జనం.

"గట్టిగా ఎయ్యండ్రా! నీల్లు నిలవుంటే దోమలైనా పుడతాయి. ఈడికి అయ్యీ పుట్టనేదు!"

జనం పగలబడి నవ్వారు. ఆ మాటన్నది సూరిదేముడు. వాకిలి పెద్ద. బరికెలు ఉప్పునీటి కుండలో నానబెట్టి, ఎవరి చేతికి ఏది ఇవ్వాలో చూసేది అతనే. దాలమ్మకు సొంత అన్న.

దాలమ్మ మూత విప్పింది. చుక్క వేసింది. పలకను యంత్రపు కన్ను కిందికి తోసి మీట నొక్కింది. కన్ను లోపల ఎక్కడో సన్నగా గిరగిరమని తిరిగి, ఆగింది. బీజంలో ఉరికేవెన్నో, ఆ ఉరుకంకె అది లెక్కకట్టుకుంటుంది. ఏం చూసిందో మాత్రం ఎవరికీ చూపించదు. దీపం వెలిగిస్తుంది, అంతే. పొద్దున్నే పని మొదలుపెట్టేముందు అద్దం మీద దుమ్ముందేమోనని చూసుకోవడానికి ఒక మీట ఉంది. అది తిప్పితే కన్ను చూపు బల్ల మీది చిన్న తెరకి వస్తుంది. పక్కనున్న పిడి మారిస్తే వాకిట్లో గోడంత తెరకి వెళుతుంది. పచ్చదీపం మగవాళ్ళ మొహాలు, మెడలో దండలతో ఆ పెద్ద తెర మీద వేసేది కూడా దాలమ్మే. దుమ్ముచూపు మాత్రం ఖాళీ పలక మీదే చూడాలని నియమం. చుక్క వేశాక చూడటం నేరం.

కిటికీకి అటు ఆడవాళ్ళ వరస. ఒక్కొక్కరూ మొగుడి బీజగొట్టాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి రొండిన దోపుకుని వస్తారు. ఒంటి వెచ్చదనం తప్పితే బీజం చల్లారి కదలిక ఆగిపోతుంది. అందుకని ఇల్లు దాటాక ఎవరితోనూ మాట్లాడరు, నీడలో నిలబడరు, నీళ్ళు తొక్కరు. చెయ్యి నడుం మీంచి తీయరు. దూరం నుంచి చూస్తే అందరికీ ఒకేచోట నొప్పి ఉన్నట్టుంటుంది.

దాలమ్మ అమ్మమ్మ కాలంలో ఆ వాకిట్లో దెబ్బలు తిన్నది ఆడవాళ్ళు. కడుపు పండకపోతే గొడ్రాలన్నారు, వాతలు పెట్టారు, మరొకతెను తెచ్చుకున్నారు. తర్వాత కన్ను వచ్చింది. ఉరుకు లేని బీజం గమ్యం చేరదని, తప్పు మగవాడిలోనూ ఉండొచ్చని తేల్చింది. ఊరి ఆడవాళ్ళంతా డప్పులు కొట్టుకుంటూ ఊరేగారు. కొత్త చట్టం వచ్చింది. బరికెను మాత్రం ఎవరూ విరవలేదు. అది చేతులు మారిందంతే. ఇప్పుడు ఎర్రదీపం వెలిగితే పెళ్ళాం అన్నదమ్ములు మొగుణ్ణి కొట్టాలి. తర్వాత విడుపు. ఆడది పచ్చదీపం ఇంటికి, మొగుడు అడుగుబట్టీకి. అడుగుబట్టీకి దిగినవాడు శవమయ్యే పైకి వస్తాడు.

పోలయ్య అరుపు సన్నబడి మూలుగైంది. అతన్ని ఇసకబండి మీదికి ఎత్తుతున్న చప్పుడు. దాలమ్మ రవిక ముందుభాగం పాలతో తడిసింది. అరుపు ఎవరిదైనా సరే, ఆమె ఒంటికి అది పిల్ల ఏడుపులాగే వినబడుతుంది.

*

పాలగంట మోగగానే దాలమ్మ పొత్తిళ్ళశాలకు పరుగెత్తింది.

ఊళ్ళో పుట్టడమే అరుదు కాబట్టి పుట్టిన ప్రతి పిల్లకీ దిష్టి తగలని పేరు పెడతారు. పెంటి, చిట్టు, కుప్పి. దాలమ్మ కూతురు తవుడు. ఇసకలో పిడతలు బోర్లించి ఆడుతున్న పిల్ల తల్లిని చూసి లేచి పరుగున వచ్చింది. పరుగెత్తే పిల్ల, మాటలు వచ్చిన పిల్ల, నోటినిండా పళ్ళున్న పిల్ల. ఇంకా రొమ్ము తాగుతోంది. తాగాలి. బిడ్డ తల్లిపాలు మరిచేదాకా తండ్రికి చలనపరీక్ష లేదు.

అందుకే దాలమ్మ దొరికిన మెంతులన్నీ నమిలేది. ఎండు పాలసొర చేపముక్కలు పుట్టు చేసుకుని, వెగటు పుట్టినా మింగేది. రొమ్ము చీలి రక్తం వచ్చినా, పళ్ళబిగువున ఓర్చుకుని మళ్ళీ అందించేది.

ఇవాళ తవుడు మొహం తిప్పుకుంది. "వొద్దు. జాంకాయ."

"తాగమ్మా. మా అమ్మ కదూ. ఒక్క గుక్క."

"వొద్దు!"

దాలమ్మ గోడ వైపు చూసింది. కాపలా కాసే గోడకన్ను ఎర్రగా మెరుస్తూ ఇటే ఉంది. ఆయా నరసమ్మ పలక పట్టుకుని దగ్గరికి వచ్చింది. దాలమ్మ పిల్ల బుగ్గలు రెండువేళ్ళతో నొక్కి నోరు తెరిపించి, పాలు పిండింది. పిల్లకి పొలమారింది. దగ్గి, గింజుకుని, తల్లి మొహం మీద కొట్టింది. దాలమ్మ మళ్ళీ అదిమింది. పిల్ల కరిచింది. పాలతో కలిసి రక్తం జారి పిల్ల గడ్డం మీద గులాబీరంగు చార కట్టింది. తవుడు గుక్కపట్టి ఏడ్చింది.

"ఒగ్గీయే! పిల్ల సచ్చిపోద్ది!" నరసమ్మ చెయ్యి లాగేసింది. "పాలు మరిసిపోనాది. నువ్వు ఒప్పుకోకపోయినా అదే నిజం."

"నేదత్తా! పళ్ళొస్తన్నాయి, సిరాకు. రేపు తాగుద్ది. నీ కాళ్ళట్టుకుంటాను. వేలు నొక్కకు."

నరసమ్మ గోడకన్ను వైపు చూడకుండా గొంతు తగ్గించింది. "నాకు కళ్ళు నేవనుకున్నావేటి? ఇన్నాళ్ళూ నువ్వు పట్టిస్తున్నది పిల్ల ఆకలికి కాదని తెలీదా? కానీ ఆ కన్ను నా మీదా ఉన్నాదే తల్లీ." పలక మీద బొటనవేలు నొక్కింది.

గోడ పలికింది. "తవుడు. పాలు మరిచినది. తండ్రి గౌరీసు, ఊదుగొట్టం వృత్తి. నేడే చలనపరీక్ష."

*

సూరిదేముడు కుండలో బరికెలు తిప్పుతున్నాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు.

"ఏటే, సచ్చినదానిలాగున్నావు?"

"తవుడు పాలు మరిసిపోనాది."

"మంచిదే కదేటి! ఈయేళ బావ బొమ్మ పెద్దతెర మీద పడుద్ది. నా సెల్లెలి మొగుడని మీసం దువ్వుకుని తిరుగుతాను. ఎన్నాళ్ళని ఎదవల్నే కొట్టమంటావు? నాకూ ఓ పచ్చదీపం కావాల."

"పచ్చదీపం రాదన్నా."

"ఎవులన్నారు?"

"బట్టీవోళ్ళలో పచ్చదీపం నువ్వు సూసినావా? రోజూ నొక్కుతున్నదాన్ని, నానే సూడనేదు."

బరికెలు తిప్పే చెయ్యి ఆగింది. అతను మెల్లగా లేచాడు. చేతి నీళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. అతని మొహంలో నవ్వు ఇంకా పోలేదు. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉండిపోయింది.

"ఎర్రదీపం ఐతే, మరి గుంట, తవుడు?"

దాలమ్మ నోరు తెరిచేలోపు చెంపదెబ్బ పడింది. రెండో దెబ్బకి ఆమె కుండ మీద పడింది. కుండ పగిలింది. పెంకు చీరిన కనుబొమ్మలోకి ఉప్పునీరు దిగి, తల సగం మంటలో పెట్టినట్టయింది. సూరిదేముడు జుట్టు పట్టి లేపాడు.

"ఎవుడిదే? ఆడి పేరు సెప్పు. ఇప్పుడే ఎల్లి కుత్తిక కోసీసొస్తాను. ఎవుడిది?"

"గౌరీసు."

"నాతో ఆటలా?"

"గౌరీసుదే అన్నా! ఆ ఏడు బావ కాలిరిగి వానాకాలమంతా ఇంట్లో పడున్నాడు. బట్టీ మొకం సూడనేదు. నువ్వే కదా సేపలు తెచ్చి పడీసేవోడివి. ఆ ఒక్కసారే నాకు నిలిసింది. ఆ మంటలోకి దిగకముందు బావ ఒళ్ళు ఒకలాగ, దిగినాక ఒకలాగ. అది నాకు తెలుసు. ఇంకెవరికి తెలవాల?"

"కాలిరిగితే బీజం ఉరుకుద్దేటే? ఎర్రదీపమోడికి పిల్లలు పుట్టరు. సిన్నపిల్లడినడిగినా సెప్తాడు. ఈ కత నాను నమ్మినా ఈ వాకిలి నమ్ముద్దా?" అతను జుట్టు వదిలేశాడు. చేతికి అంటిన రక్తం చూసుకున్నాడు. "దొంగకడుపంటారు నిన్ను. గుంటని మేడమెట్ట దొరలకాడికి పట్టుకుపోతారు. మళ్ళీ దాని మొకం సూడవు."

"అందుకే నీకు సెప్తన్నాను. కొట్టకన్నా. నువ్వు తొలిదెబ్బ ఎయ్యకపోతే తీరుపు ఆగిపోద్ది."

"నాను ఎయ్యకపోతే ఆ బరికెలు నా ఈపు మీద ఇరుగుతాయే!" అరిచాడు. అరిచాక అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా చీలిపోయింది. "పో. లోపలికి పో. నా కళ్ళ ముందు నుంచి పో."

*

గౌరీసును బంట్లు నడిపించుకొచ్చారు. విరిగి అతుక్కున్న కాలు కాస్త కుంటుతుంది. బట్టీలోంచి నేరుగా తెచ్చినట్టున్నారు, చొక్కా ఇంకా వేడి కక్కుతోంది. అతని ముందు సూరిదేముడి పెళ్ళాం ముత్తేలు, నడుం మీద చెయ్యి తీయకుండా, కళ్ళు దించుకుని నడుస్తోంది. దాలమ్మ భవనం మనిషి కాబట్టి మొగుడి గొట్టం తాను మోయకూడదు, వదిన మోయాలి.

"ఏటి బావా, బరికె నానబెట్టీసినావా?" గౌరీసు అన్నాడు. "నా ఈపు నానబెట్టుకోనేదు మరి. ముందే కబురెడితే కుండలో కూకుందును."

"నోర్ముయ్ బావా," అన్నాడు సూరిదేముడు, పెంకులవైపు చూస్తూ.

లోపల, దాలమ్మ కనుబొమ్మకి గుడ్డపీలిక కట్టుకుని వెచ్చపలక తుడుస్తోంది. పిల్ల తండ్రి పరీక్షకు అధికారి ఎదుట ఉండాలి. భానోజీ శీతకవచం తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. కవచం మడతల్లో చల్లటి నీళ్ళు పారుతున్న సన్నని శబ్దం. మేడమెట్ట వాళ్ళందరికీ ఆ కవచం ఉంటుంది. బట్టీల గాలి వాళ్ళ ఒంటికి తగలదు.

"సారూ, ఒక మాటడగొచ్చా?"

"అడుగు."

"ఎర్రదీపమంటే ఒక్కటీ కదలదనా?"

భానోజీ ఆమెను చూడలేదు. అద్దాన్ని చూస్తున్నాడు. "గీతకి దిగువ అని. లేవని కాదు. కొన్ని కదులుతాయి, కొన్ని ఉన్నచోటే కొట్టుకుంటాయి, చాలా మట్టుకు పడుంటాయి. అవకాశం తక్కువ. అంతే."

"తక్కువంటే, అసలుకే నేవని కాదు కదా?"

"కాదు."

"మరి బట్టీ వేడి..."

"వేడికి బీజం మందగిస్తుంది. చల్లబడితే చాలామందికి కొన్ని నెలల్లో తేరుకుంటుంది. పాతకాలం నుంచీ తెలిసిందే." అతను ఊరికే వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. "తేరుకుంటే ఎర్రదీపాలు తగ్గిపోతాయి. ఎర్రదీపాలు తగ్గితే అడుగుబట్టీలోకి ఎవరు దిగుతారు? ఎవడైనా ఇష్టపడి దిగుతాడా? నువ్వు గొట్టం అందుకో. వరస ఆగింది."

ఆ మాట ఆమె ఒంట్లోకి ఎలా దిగిందో ఆమెకే తెలియలేదు. చెయ్యి దానంతటదే కిటికీలోకి చాచింది.

ముత్తేలు గుడ్డ విప్పి గొట్టం ఆ చేతిలో పెట్టింది. మాట్లాడకూడని చోట పెదవులు కదపకుండా మాట్లాడింది. "వెచ్చగానే ఉన్నాది దాలీ. ఒంటికి అదుముకుని తెచ్చినాను."

ఆమె వెనకే మేడమెట్ట కొత్తకోడలు. పసుపు ఆరని మెడ, బెదురు కళ్ళు. తొందర కొద్దీ ఆమె కూడా తన గొట్టం కిటికీ గట్టు మీద పెట్టేసింది. రెండూ పక్కపక్కనే. ఒకే బట్టీలో ఊదిన గాజు, ఒకే మూత. మేడమెట్ట గొట్టం పచ్చదీపమే. మార్చడానికి రెప్పపాటు చాలు. తవుడు సాయంత్రం ఇంటికొస్తుంది. గౌరీసు మెడలో దండ పడుతుంది.

ఆ పిల్ల మొగుడు వాకిట్లో పడతాడు. తనకి తెలియని ఎవరో కుర్రాడు, ఎందుకు కొడుతున్నారో తెలియకుండా అరుస్తాడు. తను ఇక్కడ మూతలు విప్పుతూ ఉంటుంది, ఆ లయకి.

దాలమ్మ తన మొగుడిదే తీసింది. చుక్క వేసింది. కన్ను కిందికి తోసింది. మీట నొక్కింది.

ఎర్రదీపం.

*

వంశఘంట మోగింది. భవనం గోడలన్నీ ఒక్కసారే పలికాయి. "గౌరీసు, నిశ్చలుడు. తవుడు, పితృరహిత. మేడమెట్టకు తరలింపు. తల్లి దాలమ్మ, దొంగకడుపు. వాకిట్లోకి."

బయట జనం హోరెత్తారు. తొలిదెబ్బ పడింది. దాలమ్మకి ఆ దెబ్బ తెలుసు. అన్న చెయ్యి అది. గౌరీసు అరవలేదు. రెండోది, మూడోది. తర్వాత కర్ర మీద కర్ర విరిగినట్టు ఒక చప్పుడు. అది బరికె కాదు, ఎముక. అప్పుడు అరిచాడు.

"నిలవనీరు! నిలవనీరు!" జనం చప్పట్లు.

దాలమ్మ దుమ్ముచూపు మీట తిప్పింది. పిడి పీకి పెద్దతెర రంధ్రంలో గుచ్చింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భానోజీ.

"దుమ్ము సూస్తన్నాను సారూ."

వాకిట్లో గోడంత తెర వెలిగింది. జనం ఎప్పుడూ చూడని వెలుగు. బూడిదరంగు నీళ్ళలో నువ్వులు చల్లినట్టు తలలు, తలలకి దారప్పోగుల్లాంటి తోకలు. అన్నీ ఆగి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

జనంలో ఎవడో ఈల వేశాడు. "ఓర్నాయనో, ఇదేటి ఈడి సరుకు? నిజంగానే నిలవనీరురా!" నవ్వులు పేలాయి.

ఏదీ కదలకపోతే? తన చేతులతోనే తన మొగుణ్ణి ఊరందరి ముందూ పాతిపెట్టింది. పిల్లని తనే అప్పగించింది. పలకను జరిపే చక్రం తిప్పింది. మరో మూల, అక్కడా అంతే. ఇంకా తిప్పింది. ఒక్కటి. తల్లీ, ఒక్కటి.

భానోజీ ఇనుప పళ్ళెం తీసి ఆమె చేతి మీద కొట్టాడు. వేళ్ళు నలిగాయి. ఆమె రెండో చెయ్యి పిడి మీదే ఉంది. మళ్ళీ కొట్టాడు, ఈసారి తల మీద. కట్టు ఊడి కంట్లోకి రక్తం దిగింది. అతను మెడ పట్టి మొహాన్ని వెచ్చపలక మీదికి అదిమాడు. బుగ్గ చురచురమని కాలింది. ఆమె తల తిప్పి అతని మణికట్టు దొరకబుచ్చుకుని, పిల్ల తనని కరిచినట్టే, పళ్ళు దిగేదాకా కరిచింది. కవచం చీలి చల్లటి నీళ్ళు చిమ్మాయి. అతను కేకపెట్టి వెనక్కి తూలాడు. నలిగిన వేళ్ళతోనే ఆమె చక్రాన్ని ఇంకొక్క పిసరు తిప్పింది.

తెర అంచున ఒకటి కదిలింది.

నిటారుగా కాదు. తోక ఒకపక్కకి ఈడుస్తూ, పడున్న వాటి మధ్య తడుముకుంటూ, ఒకచోట సుడి తిరిగి, మళ్ళీ దారి పట్టుకుని ముందుకు జరిగింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అదేటి పాకుతోంది?"

"పురుగేమో!"

"నీయమ్మ, పురుగు కాదురా. నాది." కింద పడున్న గౌరీసు, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నెత్తుటి నోటితో నవ్వుతున్నాడు. "సూడు బావా. కుంటుతోంది. అచ్చం నాలాగే. కుంటుకుంటూనే ఇంటికొచ్చీసింది."

సూరిదేముడి బరికె గాలిలో ఆగి ఉంది. అతను తెర చూశాడు. బావని చూశాడు. అటు గేటు దగ్గర నరసమ్మ తవుడిని ఎత్తుకుని బండి వైపు నడుస్తోంది, ఇద్దరు బంట్లు ముందూ వెనకా. నరసమ్మ కూడా తెర చూసి ఆగిపోయింది. బంటు ఆమె చేతుల్లోంచి పిల్లని లాగాడు. తవుడు కెవ్వుమంది.

ఆ బరికె దిగింది. ఆ వాకిలి కట్టిన నాటినుంచి మొదటిసారి అది బంటు చొక్కా మీద దిగింది. రెండో బంటు లాఠీతో సూరిదేముడి నోటి మీద కొట్టాడు, పళ్ళు రాలాయి. అతను ఆ పళ్ళు ఉమ్మేసి, వాడి మోకాలు విరిగేలా కొట్టి, పిల్లని లాక్కుని భుజానికెత్తుకున్నాడు.

"నాను మేనమామని!" నెత్తురు తుంపర్లతో మాట వచ్చింది. "ఇది నా కోడలు. నా బావ కూతురు. ఇంకెవుడైనా కాదంటే రండ్రా ఇటు!"

ఎవరూ రాలేదు. మేనమామ ఎత్తుకున్న పిల్లకి తండ్రెవరని ఆ ఊళ్ళో ఏనాడూ ఎవరూ అడగలేదు. అది కన్ను కంటే పాత చట్టం.

ఇంకా కదలని ఇసకబండి మీంచి ఎవరో జారి కిందపడ్డారు. పోలయ్య. వీపంతా చీలికలు. పాక్కుంటూ వచ్చి కిటికీ గట్టు పట్టుకుని లేచాడు. "నాదీ సూపించే దాలమ్మా. నాదీ ఒకటుండాల."

దాలమ్మ తొట్టిలోకి చూసింది. పొద్దుటి పలకలు. "నీది సల్లారిపోనాది బావూ. ఇప్పుడు సూపినా ఏటీ కదల్దు."

"మరేటి నాకు దారి?"

"మళ్ళీ తేవాల."

"మళ్ళీయా? జన్మకొక్కసారే కదే ఇస్తారు."

పెద్దతెరతో పాటు గొంతుగొట్టాలు కూడా తెరుచుకుని ఉన్నాయి. దాలమ్మ మాట వాకిలంతా, వాకిలి దాటి బట్టీలదాకా వినబడుతోంది. ఆమెకి ఆ సంగతి తెలుసు. భానోజీకీ తెలుసు. అతను కవచం చిరుగుని అరచేత్తో అదుముకుంటూ, బట్టీల గాలికి మొదటిసారి చెమటలు కక్కుతూ, "దాని నోరు మూయండి, ఎవరక్కడ?" అంటున్నాడు. తలుపుకి ఆవల బంట్లు లేరు. సూరిదేముడున్నాడు, భుజం మీద పిల్లతో.

"బట్టీ దిగకండి," అంది దాలమ్మ. "ఎవరూ దిగకండి. ఈ వానాకాలమంతా మీ ఒళ్ళు సల్లబడనీండి. ఆ వేడే సంపుతోంది. ఈ సారుకి తెలుసు, ఇందాక నోటితో సెప్పినాడు. వానలెల్లినాక మళ్ళీ తెండి. నాను సూపిస్తాను. అప్పటికీ కదలకపోతే కదలదు. దానికి దెబ్బలెందుకు?"

పోలయ్య బావమరుదుల్లో చిన్నవాడు చేతిలో బరికెను, అది ఎలా వచ్చిందో తెలియనట్టు చూసుకుని, కింద పెట్టాడు. ముత్తేలు గౌరీసు పక్కన కూర్చుని తన కొంగు చింపి అతని చేతికి కట్టు కడుతోంది. "నవ్వకు తమ్ముడూ, ఎముక కదుల్తాది," అని తిడుతోంది.

మేడమెట్ట కొత్తకోడలు గట్టు మీది గొట్టాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ రొండిన అదుముకుంది. భయపడుతూనే అంది. "ముందు నాకు చూపించండి. దీపం సంగతి తర్వాత."

వెనకాల ఉన్నవాళ్ళు అందుకున్నారు. "మాకూ అంతే. సూపించి సెప్పు."

అప్పుడు దాలమ్మకి ఏదో తేడా తెలిసింది. చెవిలో పుట్టుకతోనే ఉన్న మోత, బట్టీలు ఊదే హోరు, ఒక పోగు తెగినట్టు సన్నబడింది. ఒక బట్టీ ఆగింది. ఆమె చెవి అటు పెట్టింది. కాసేపటికి ఇంకొకటి.

బయట తవుడు జాంకాయ కోసం మేనమామ జుట్టు పీకుతోంది. ఆ గొంతుకి దాలమ్మ రవిక తడిసింది. పాలింకా ఉన్నాయి, అడిగేవాళ్ళు లేరు. కొంగుతో కంటి రక్తం తుడుచుకుని, నలగని చెయ్యి కిటికీలోంచి చాచి కొత్తకోడలి గొట్టం అందుకుంది. మూత విప్పి, చుక్క వేసి, కన్ను కిందికి తోసింది. తొందరపెట్టడానికి వాకిట్లో ఏ దెబ్బా పడలేదు. చక్రం మీద చెయ్యి పెట్టి, తనకి తృప్తి అయ్యేదాకా చూసింది.